సప్పుడు లేని కారు

అనంతపురం నుంచి పుట్టపర్తి పోయే దారి. మాఘమాసం, మధ్యాహ్నం మూడు దాటింది. ఎలక్ట్రిక్ కారులో డ్రైవరు గిరి, వెనక సీట్లో హనుమక్క.

“సప్పుడే లేదేమప్పా దీనికి? ఎక్కినప్పట్నుంచి సూస్తాండా. నిలబడిందో పోతాందో కిటికీలో సూస్తే గాని తెలీదు.”

“కరెంటు బండి గదక్కా. ఇంజనుండదు, సప్పుడుండదు. కొత్తగా ఎక్కినోల్లంతా ఇదే అడుగుతారు.”

“మా ఊరి చెరువు కట్ట మీదికి గూడా ఇట్లాంటిదే వొస్తాదంట రాత్రిపూట. సప్పుడు లేదు, లైటు లేదు. కొంచేపు నిలబడి పోతాదంట. మేకలోల్ల ఆంజినప్ప సూసినాడు. దయ్యం కారని పిల్లోల్లు కట్ట తట్టు పోయేదే మానేసినారు. నేను నమ్మల్యా అనుకో.”

“యా ఊరక్కా మీది? ఓబుళేసన్న బస్టాండు కాడ ఎక్కిచ్చి పోయినాడే గాని ఊరు చెప్పల్యా.”

“శింగనమల. ఓబుళేసు నా తమ్ముడు.”

“శింగనమలనా?”

“ఏం, ఎప్పుడన్నా వొచ్చినావా?”

“లే. రాల్యా. పేరు ఇన్నా.”

“పేరు ఇన్నోడివి అద్దంలో నా తట్టు అట్ల సూస్తావేమి? ముందు సూసి తోలు.”

“సరే అక్కా. పెద్దాసుపత్రి కాడనే గదా దించాల్సింది? ఎవురికన్నా బాగలేదా?”

“బాగలేనోల్లుండే తావు గాదు. శవాల గది కాడ దించు.”

“అయ్యో. ఎవురక్కా?”

“చిత్రావతి ఏట్లో, ఇసకలో ఎవురో దొరికినారంట. నాలుగు దినాలాయ. మా ఇంటాయన ఇల్లొదిలి తొమ్మిది నెల్లు. ఆయనేమో సూసి చెప్పమన్నారు.”

“పేపర్లో వచ్చింది అక్కా ఆ సంగతి. నేను చదివినా. పేరేమి మీ ఇంటాయనది?”

“ఈ కాగితంలో ఉండాది సూడు. పోలీసోల్లకిచ్చిన దాని జిరాక్సు.”

“బండి తోలతా యట్ల చూసేది. నోటితో చెప్పు.”

“ఆ పని నాతో గాదప్పా. పెండ్లయి ఇరవై ఆరేండ్లు. ఒక్క తూరి గూడా మొగుని పేరు పలకల్యా. పలికితే ఆయుస్సు తగ్గుతాదని మాయమ్మ చెప్పింది. టేషన్లో గూడా, పేరు చెప్పవేమమ్మా అని కసురుకున్నారు. నోరు తెరవల్యా. కాగితమే సూపిచ్చినా.”

“ఇప్పటి కాలంలో గూడానా?”

“ఇప్పటి కాలంలో మొగుల్లు సావడం లేదా?”

“లేదని గాదక్కా. సరే ఇట్లియ్యి. గొర్లు అడ్డమొచ్చినాయి, ఎట్లా నిలబడాల. ఏమి... మద్దిలేటి. వయసు యాభై రెండు. వృత్తి, బోరు పాయింట్లు చూచుట. ఫోటో లేదా?”

“ఉండింది ఒకటి. వాల్లకే ఇచ్చినా. పోనీ, గొర్లు పోయినాయి.”

“అక్కా, నీ ఒల్లో ఏదో ఎలుగుతాంది. ఫోను.”

“నా కూతురు చేస్తాంటాది. స్పీకరు పోయింది దీనికి. ఎత్తితే నా మాట దానికి ఇనపడతాది, దాని మాట నాకు ఇనపడదు. ఇంకేం మాట్లాడేది? పిల్ల చిలమత్తూరు తట్టు గార్మెంట్సులో చేస్తాది. పొద్దున్నే బస్సెక్కి నాకన్నా ముందు ఆసుపత్రికి పోయింది.”

“ఇట్లియ్యి. బండికి తగిలిస్తా. ఆ పిల్ల మాట బండి స్పీకర్లలో వస్తాది, నువ్వు యెనక కూచోనే మాట్లాడొచ్చు.”

“ఫోను బండికి తగిలిస్తారా?”

“వైరు గూడా అక్కర్లేదు. కొంచేపు పక్కకాపుతా ఉండు. ఈ టీవీ మాదిరుండాదే, దీంట్లో నీ ఫోను వచ్చిందంటే మన పాటలు, మన ఫోన్లు, దోవ చూపేది, అన్నీ దీంట్లోనే. ...అబ్బా, దీని పని.”

“ఏమాయె?”

“నిండిపోయిందంట. ఐదు ఫోన్లకు మించి పెట్టుకోదు ఇది. ఒకటి తీసేస్తే గాని నీది ఎక్కదు.”

“మీరెంతమంది దీనికి?”

“ఒక తూరి తగిలిస్తే మర్చిపోదక్కా బండి. ఎప్పుడు దగ్గరికొచ్చినా అదే గుర్తుపట్టి పట్టుకుంటాది. చూడు, ఇది నాది. ఇది ఓనరు సారుది. ఇదెవురో బెంగళూరు టూరిస్టుది, తగిలిచ్చుకొని దారంతా భజనలు పెట్టినాడు. ఇది ఇంకొక టూరిస్టుది. ఇది భారతి నా... సరే, ఈ భజనలాయప్పది తీసేద్దాం.”

“భారతి ఏమి?”

“ఏం లేదక్కా. ఎవురిదో.”

“భారతి నా కూతురు పేరు.”

“ఆ పేరు జిల్లాలో ఎంతమందికి లేదు?”

“సగం చదివి మింగినావు. ఉండు, ముందరికి వొంగుతా. నేనూ ఐదు దాకా చదివినా.”

“ఇంగ్లీషులో ఉండాదక్కా.”

“అయితే నువ్వే చదువు. మొత్తం చదువు.”

“భారతి నాయన.”

“మల్ల చదువు.”

“భారతి నాయన. అంతే ఉండాది. ఏమక్కా, అట్లయిపోయినావు? నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు. ఆ ఫోను ఎవురిది?”

“మా రాత్రి డ్రైవరుది. రామదాసన్న అని. బండొకటే, డ్రైవర్లిద్దరం. పగలు నేను, రాత్రి ఆయన. సాయంత్రం పుట్టపర్తిలో ఛార్జింగు పెట్టే తావు కాడ చేతులు మార్చుకుంటాం. ఆయప్పకి గూడా భారతి అని కూతురుంటాదేమో.”

“ఉండాదని ఎప్పుడన్నా చెప్పినాడా?”

“చెప్పల్యా.”

“ఏం చెప్పినాడు మరి?”

“ఎవురూ లేరన్నాడు. తగులుకునింది అక్కా నీ ఫోను. ఇంక నీ కూతురికి చేస్తా.”

“కొత్త సందేశం. కానిస్టేబుల్ సార్. సాయంత్రం ఐదు గంటలలోపు వచ్చి శవమును గుర్తించవలెను. లేనియెడల రేపు అనాథ శవముగా పూడ్చబడును.”

“ఎవురప్పా ఆ మాట్లాడిన ఆడమనిషి?”

“బండే అక్కా. మెసేజీ వస్తే చదివి చెప్తాది.”

“మనిషి సావు గూడా ఇట్ల చదువుతాదా? రేషను బియ్యం ఎప్పుడిస్తారో చెప్పినట్ల.”

“దానికేం తెలుసక్కా. ఇదో, రింగైతాంది. మాట్లాడు.”

“అమ్మా? ఎన్ని తూర్లు చేయాల నీకు?”

“భారతీ, ఇప్పుడు ఇనపడతాంది మా. యాడుండావు?”

“ఆసుపత్రి కాడనే, చెట్టు కింద కూచోనుండా. లోపలికి రమ్మన్నారు. నేను పోల్యా. నువ్వొచ్చినాకనే.”

“పోవద్దు. నువ్వు సూడొద్దు.”

“మొగం గుర్తుపట్టేకి లేదంట మా. నీలం గళ్ళ చొక్కా అంట. నాయనకుండె గదా నీలం గళ్ళది.”

“నీలం గళ్ళ చొక్కా ఎవురికి లేదు?”

“అమ్మా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. ఔనని చెప్పేయ్ మా.”

“ఏమంటాండావు భారతీ?”

“తొమ్మిది నెల్లు. నువ్వు బొట్టు పెట్టుకుంటే ఒకరు అడుగుతారు, పెట్టుకోకుంటే ఇంకొకరు అడుగుతారు. రాత్రి కుక్క అరిస్తే లేసి తలుపు తీస్తావు. నేను ఫ్యాక్టరీ నుంచి చేసిన ప్రతి తూరీ, ఏమన్నా తెలిసిందా అని నువ్వడుగుతావు, ఏమన్నా తెలిసిందా అని నేనడుగుతా. నాయన వస్తాడని నాకూ ఉండె మా. ఇప్పుడు లేదు. ఔనంటే ఏడ్చేసి అయిపోతాది. నాకు ఏడ్చేకి గూడా దిక్కు లేకుండా ఉండాది.”

“భారతీ, మీ నాయన ఫోనుండాదే, దాంట్లో పేరు ఏమని పెట్టింటిరి?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“షాపాయన పెట్టింది. ఏం పేరు కొట్టల్ల అంటే నువ్వు పేరు పలక్కుండా భారతి నాయన అంటివి. ఆయన అదే కొట్టినాడు. మార్చమందామంటే నాయన నవ్వి, ఉండనీ, నా పేరు కన్నా అదే బాగుండాది అనె. ఎందుకు మా? ఆడ ఫోను దొరికిందని ఎవురన్నా చెప్పినారా? ఈడ ఆయప్ప జేబుల్లో ఏమీ లేదంట.”

“ఊరికే గుర్తొచ్చింది. వొస్తాండా. ఏమన్నా తిన్యావా?”

“తింటాలే. బిన్నా రా. ఐదుకు తలుపేస్తారంట.”

“పెట్టేసిందక్కా.”

“ఇన్యావు గదా గిరీ.”

“ఇన్నా. భారతికెందుకు చెప్పల్యా?”

“ఏమని చెప్పాల? మీ నాయన పేరు ఒక కారులో ఉండాదని చెప్పాల్నా? లేని ఆశ పెట్టి మల్ల తీసేస్తే పిల్ల తట్టుకోదు. నువ్వు చెప్పు, ఆ రామదాసు ఆ ఫోను యాడ కొన్యాడు?”

“నాకేం తెలుసక్కా. పాతదే. మూలన అద్దం పగిలింటాది.”

“పైన, ఎడమ తట్టునా?”

“ఔ.”

“మేక తొక్కింది దాన్ని.”

“అక్కా, ఇప్పుడు నేననుకుండేది చెప్తా. తప్పుగా అనుకోవద్దు. ఫోను ఆయనదే అయ్యుండొచ్చు. మనిషి ఆయనే కావాల్నని లేదు. సెకండు హ్యాండు ఫోన్లు ఎన్ని చేతులు మారవు? ఏట్లో ఆయప్ప జేబుల్లో ఏమీ లేదని నీ కూతురే చెప్పె.”

“అంటే సచ్చినోని ఫోను మీ రామదాసు కాడ ఉండాదంటావు.”

“రామదాసన్న దొంగ గాడక్కా. నా భార్య కాన్పుకు మూడు దినాలు రాత్రీ పగలూ ఆయనే తోలినాడు, నేను ఓనరుకు దొరక్కుండా. ఎవురో అమ్మితే కొనింటాడు అంటాండా. అంతే.”

“ఆ రామదాసు మీ కాడికొచ్చి ఎన్ని నెల్లాయ?”

“పోయిన ఎండాకాలం. జూనులో అనుకుంటా. ఒక సంచి తెచ్చుకున్యాడు. లైసెన్సు జిరాక్సు అడిగితే ఇస్తా ఇస్తా అంటాడు. మా సారుకు రాత్రి తోలే మనిషి దొరికితే సాలు. ముందు యాడనో బోరు లారీ తోల్యా అని చెప్పినాడు.”

“మా ఇంటాయన గూడా తోల్యాడు. తుమకూరు తట్టు, పెండ్లి కాకముందు. ఆడ్నే నేర్చుకునింది పాయింటు సూసేది గూడా. అరచేతిలో టెంకాయ పండబెట్టుకొని చేన్లో నడుస్తాడు. కింద నీళ్ళుంటే టెంకాయ లేసి నిలబడతాది. నవ్వొద్దు. ఆయన చూపిచ్చిన తావుల్లో ఎన్నో బోర్లు పడినాయి. కారేసుకొని వొచ్చి పిల్చకపోయేవాల్లు.”

“నవ్వడం లేదక్కా. మా నాయన గూడా పిలిపిచ్చినాడు ఎవురినో. మరి ఏంటికి పోయినాడు ఇల్లొదిలి?”

“నేను పంపితే పోయినాడు.”

“నువ్వా?”

“ఓబుళేసు చేన్లో చీనీకాయల తోట ఎండిపోతాండె. మా ఇంటాయనే మూడు బోర్లకు తావు సూపిచ్చినాడు. మూడూ దుమ్మే. మూడోది వెయ్యి అడుగులు దాటినా తెల్లపొడి లేస్తానే ఉండె. ఊరంతా ఆడ నిలబడుండె. నా తమ్ముడు నోరెత్తల్యా, తల మీద తువ్వాల కప్పుకొని గట్టు మీద కూచున్యాడు. వాన్ని సూసి నాకు ఒల్లు తెలీల్యా గిరీ. అందరి ముందరా అంటిని, నీళ్ళు సూపిచ్చలేని చెయ్యి ఉంటేనేమి, పోతేనేమి అని. నరుక్కొని పారెయ్యి అని గూడా అంటిని.”

“కోపంలో అంటారక్కా అందరూ.”

“కోపంలో అన్నా చెవుల్లోనే పడతాది. ఆయన ఏమీ అనల్యా. చెయ్యి తిప్పి సూసుకున్యాడు, ఎవురిదో చెయ్యి సూసినట్ల. తెల్లారి లేసి సూస్తే గడప మీద టెంకాయ ఉండాది, మనిషి లేడు. ఆ టెంకాయ నేనింకా కొట్టల్యా. పీసు అట్లనే ఉండాది.”

“అక్కా.”

“ఏమి?”

“దసరాకి బండికి పూజ చేసినాం. పెద్దోడు నువ్వే గదన్నా, టెంకాయ కొట్టు అని రామదాసన్న చేతికిచ్చినా. ఆయప్ప చెయ్యి యెనక్కి పెట్టుకున్యాడు. ఎంత చెప్పినా పట్టుకోల్యా. నా చేత్తో వద్దు గిరీ, నీ బండికి మంచిది గాదు అన్యాడు. ఏదో మొక్కు ఉంటాదిలే అనుకున్యా.”

“యా చెయ్యి?”

“కుడిది.”

“ఇంకా ఏం దాస్తాండావు నువ్వు? ఊరి పేరు చెప్పినప్పట్నుంచి సూస్తాండా. చెప్పు.”

“అబద్దం చెప్పినానక్కా. శింగనమల పేరు ఊరికే ఇన్నోన్ని గాదు. తెల్లారి బండి నా చేతికొచ్చేటప్పటికి ఒక్కొక్క దినం ఛార్జింగు అడుగంటి ఉంటాది. రాత్రి ట్రిప్పు ఏదీ ఉండదు. యాడికి పోయినావన్నా అంటే గాలికి తిరిగినా అంటాడు. ఒక దినం ఈ స్క్రీన్లో ముందు పోయిన తావులు తీసి చూసినా. శింగనమల చెరువు కట్ట. ఒక తూరి గాదు, పది పన్నెండు తూర్లుండాది. సారు చూస్తే ఉద్యోగం పోతాదని అన్నీ నేనే తుడిపేసినా. నిన్నటిది ఇంకా ఉండాది. చూడు, ఇదే.”

“నిన్న గూడా వొచ్చినాడా...”

“అక్కా, ఏడవద్దు. నాకేం చేయాల్నో తెలీడం లేదు.”

“కట్ట మీద నిలబడితే మా ఇల్లు కనపడతాది గిరీ. బయట లైటు ఆర్పను నేను. తొమ్మిది నెల్లుగా ఆర్పల్యా. ఆంజినప్ప సూసింది దయ్యాన్ని గాదు.”

“ఇంక ఆసుపత్రికి పోయే పని లేదు గదక్కా. సక్కా ఛార్జింగు పాయింటు కాడికే పోదాం. నాలుగున్నరకే వచ్చి కూచోనుంటాడు.”

“పోతే? బండిలోంచి నేను దిగేది సూసి అటు నుంచి అటే పోతాడు. ఇంకొక ఊరు, ఇంకొక సిమ్ము, ఇంకొక పేరు. నాకు దొరకడు. ముందు గొంతు ఇనాల. ఫోను చెయ్యి.”

“నేనా?”

“నీ ఫోను నుంచే. దినామూ చేసేటట్లే చెయ్యి. ఇందాక భారతి మాట వొచ్చినట్ల దీంట్లో వొస్తాది గదా. నేనుండాననొద్దు.”

“మోసం చేసినట్లుంటాదక్కా. నన్ను నమ్మినోడు ఆయప్ప.”

“నన్నూ నమ్మినోడే. గొంతు ఆయనది గాదనుకో, నేను గమ్మున ఆసుపత్రి కాడ దిగుతా. పోయి ఆ చొక్కా సూస్తా. నిన్ను ఒక మాట అనను.”

“సరే. నీ ఫోను తీసేసి నాది తగిలిస్తా. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. ఈ మైకు సీటు కదిలినా పట్టుకుంటాది.”

“కొంగు అడ్డం పెట్టుకుంటా. చెయ్యి.”

“రింగైతాంది.”

“ఏం గిరీ.”

“రామదాసన్నా. యాడుండావు?”

“పాయింటు కాడికి వొస్తాండా. నువ్వు దగ్గరికొచ్చినావా?”

“కొత్తచెరువు ఊరు ఇంకా రాల్యా. ఐదుకు అటూ ఇటూ అయితాదన్నా. బండిలో మనిషుండాది.”

“టూరిస్టా?”

“కాదు. ఎవురో ఆడమనిషి. పెద్దాసుపత్రి కాడ దించాల.”

“బాగలేదా?”

“అది గాదన్నా. ఏట్లో శవం దొరికిందని పేపర్లో ఇచ్చినారే. తన మొగుడేమో గుర్తుపట్టేకి పోతాంది.”

“అయ్యో పాపం. గుంతల్లో మెల్లిగా పోనీ. ఎండన పడి వొచ్చింటాది, నా సీటు పక్కన నీళ్ళ బాటిలుండాది, ఇయ్యి. ఏమన్నా తినిందేమో అడుగు.”

“అడుగుతాలే.”

“యా ఊరంట?”

“శింగనమల.”

“...”

“అన్నా, ఉండావా లైన్లో?”

“ఉండా. ఆయమ్మ ఇప్పుడు యాడుండాది?”

“బాత్‌రూముకని దిగింది. పెట్రోలు బంకు కాడ ఆపినా.”

“ఒక్కతే వొచ్చిందా?”

“ఒక్కతే. కూతురు ముందరే ఆడికి పోయిందంట.”

“గిరీ, ఆయమ్మ బొట్టు పెట్టుకోనుండాదా?”

“పెట్టుకోనుండాదన్నా.”

“సన్నగైపోయిందా?”

“నాకేం తెలుసన్నా, ముందు చూసినోన్ని గాదు.”

“ఔ గదా. నీకెట్ల తెలుస్తాది.”

“నీకు తెలుసునా ఆయమ్మ?”

“తెలీదు.”

“మరి ఇన్ని అడుగుతాండావు?”

“ఊరికే. గిరీ, ఒక మాట చెప్తా, ఇంటావా?”

“చెప్పన్నా.”

“ఆయమ్మను ఆపొద్దు. బిన్నా తీస్కపో, ఐదుకు తలుపేస్తారు. లోపలికి పోయేముందు చెప్పు, పెద్దమనిషి చెప్పినట్ల చెప్పు, ఎక్కువసేపు సూడొద్దమ్మా, పేపర్లో రాసిన ఆ చొక్కా సూసి ఔనని చెప్పేయమ్మా అని.”

“అదేంటన్నా? కానోన్ని ఔనని యట్ల చెప్తాది?”

“చెప్తే పోయేదేముండాది? ఏడుస్తాది. పది దినాలేడుస్తాది. ఆ మీద నిద్ర పడతాది. రాత్రంతా లైటేసుకొని కూచునే పనుండదు. ఆ బిడ్డ గూడా తన బతుకు తాను సూసుకుంటాది. దిక్కులేని శవం ఒకటి, దానికీ ఇంత మన్నేసేవాల్లు దొరుకుతారు.”

“వాల్ల మొగుడు యాడన్నా బతికుంటే?”

“బతికుంటే ఏం గిరీ?”

“వస్తాడేమో గదన్నా.”

“వొచ్చి ఏం చేస్తాడు? నీళ్ళు సూపిచ్చలేని చెయ్యి. ఉంటేనేమి, పోతేనేమి.”

“అన్నా, ఆ మాట...”

“పెట్టేస్తాండా గిరీ. బండి నాకిచ్చేకి రావొద్దు ఈ పొద్దు. నేనుండను.”

“అన్నా, అన్నా, ఒక్క నిమిషం, పెట్టొద్దు.”

“మద్దిలేటీ.”

“...”

“మద్దిలేటీ, నిన్నే. ఆడ్నే నిలబడు, వొస్తాండా.”